పదును అనే ఒక్క మాట వెనుక మూడు పనులు: క్షవరపు కత్తి సంరక్షణ గురించి

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. క్షురకుడు సగం బ్లేడును కత్తిలో బిగించి, గుండు పూర్తికాగానే దాన్ని తీసి పారేసి, తరువాతి భక్తుడికి మరో ముక్క బిగిస్తాడు. తిరుపతి సెలూన్లలోనూ, చిత్తూరు బజారు వీధుల్లోనూ ఇప్పుడు ఇదే పద్ధతి. ఆ పనిముట్టు చూడటానికి పాతకాలపు క్షవరపు కత్తిలాగే మడుచుకుంటుంది కానీ, నిజానికి అది బ్లేడును పట్టుకునే పిడి మాత్రమే. దానికి పదును పెట్టవలసిన అవసరం ఎప్పటికీ రాదు. అసలైన క్షవరపు కత్తి వేరు. అందులో వెన్ను నుంచి అంచు వరకు ఒకే ఉక్కు ముక్క ఉంటుంది. అంచు మొద్దుబారితే మార్చడానికి ఏమీ ఉండదు, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

సెలూన్లు బ్లేడుకు మారడానికి ప్రధాన కారణం ఆరోగ్యభయం. హెపటైటిస్ బి, హెచ్ఐవీ వంటివి రక్తం ద్వారా సోకుతాయన్న అవగాహన పెరిగాక, ఒకే అంచును పదిమందికి వాడటం ఎవరికీ సమ్మతం కాలేదు. కత్తిని క్రిమిరహితం చేయవచ్చునేమో గానీ, దాన్ని రోజూ రాసే తోలుపట్టాను చేయలేము. ఈ కారణంగా పాత కత్తి వృత్తి నుంచి దాదాపు తప్పుకుని, ఒక మనిషి తన ఒక్కడి కోసం ఇంట్లో ఉంచుకునే వస్తువుగా మిగిలింది. ఇప్పుడు దానిపై మళ్ళీ ఆసక్తి చూపుతున్నవారు రెండు రకాలుగా కనిపిస్తారు: తాతగారి ట్రంకుపెట్టెలో జర్మనీలోని సోలింగెన్‌దో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌దో ఒక కత్తి దొరికినవారు, ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించుకున్నవారు. ఇద్దరికీ వారంలోపే ఎదురయ్యే సందేహం ఒకటే. గడ్డం తెగడం లేదు, లాగుతోంది. దీన్ని సాన పట్టాలా, తోలుమీద రాయాలా, లేక కత్తే మంచిది కాదా?

ఈ తికమకకు సగం కారణం మన భాషలోనే ఉందని నాకనిపిస్తుంది. కొడవలికైనా, కత్తిపీటకైనా, క్షవరపు కత్తికైనా మనం వాడేది 'పదును పెట్టడం' అన్న ఒక్క మాటే. క్షవరపు కత్తి దగ్గరకు వచ్చేసరికి ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి.

వెన్నే కొలబద్ద

ఆ మూడు పనులకూ ముందు కత్తి ఆకారం అర్థం కావాలి. వంటింటి కత్తిని సానరాయి మీద నూరేటప్పుడు ఎంత వాలుగా పట్టుకోవాలన్నది మన మణికట్టు నిర్ణయిస్తుంది. క్షవరపు కత్తి విషయంలో ఆ స్వేచ్ఛ లేదు. దాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెడతారు. వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. మధ్యభాగం రెండు వైపులా లోపలికి గుంటగా చెక్కి ఉండటం వల్ల అది రాయికి తగలదు. అంటే కత్తి తయారైనప్పుడే దాని కోణం కూడా నిర్ణయమైపోయింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతులలో చెబుతారు. సాధారణంగా దొరికే 5/8 కత్తి వెడల్పు దాదాపు 16 మిల్లీమీటర్లు. దాని వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు అనుకుంటే, వెన్ను నుంచి అంచు దాకా ఏర్పడే కోణం సుమారు 16 డిగ్రీలు. వంటింటి కత్తుల అంచు కోణం రెండు వైపులా కలిపి మామూలుగా 30 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. క్షవరపు కత్తి అంచు అందులో సగం. అందుకే అది వెంట్రుకను అంత సులువుగా కోస్తుంది, అంతే సులువుగా దెబ్బతింటుంది కూడా. కుళాయికి ఒక్కసారి తగిలితే చాలు, అంచులో కంటికి కనిపించేంత గండి పడుతుంది.

ఆ గండి లోతు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని తొలగించాలంటే అంచు పొడవునా 0.2 మిల్లీమీటర్ల ఉక్కు అరగాలి. కోణం మారకుండా ఉండాలంటే వెన్ను మందం కూడా అదే నిష్పత్తిలో, అంటే సుమారు 0.06 మిల్లీమీటర్లు తగ్గాలి. పాత కత్తుల వెన్ను మీద కనిపించే సన్నని చదును గీత ఇలా వచ్చిందే. కొత్తవారు దాన్ని చూసి కత్తి పాడైందని కంగారుపడతారు. గీత సన్నగా, రెండు వైపులా సమానంగా ఉంటే అది సహజమైన అరుగుదలే. ఒకవైపు వెడల్పుగా, మరోవైపు లేనట్టుగా ఉంటే మాత్రం ఎవరో చేతిబలంతో నొక్కి నూరారని, లేదా కత్తి వంకరగా ఉందని అర్థం.

నూరడం, మెరుగుపెట్టడం, సవరించడం

మొదటి పని నూరడం. అంచుకు రెండు వైపులా సన్నగా మెరిసే పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఇక్కడ 'వాలు' అందాం. రెండు వైపుల వాలులూ పొడవునా ఒక గీత మీద కలిసేలా ఉక్కును అరగదీయడమే నూరడం. రెండో పని మెరుగుపెట్టడం. గరుకు రాయి వాలు మీద వదిలిన గీతలను అంతకంటే మెత్తని రాళ్ళతో క్రమంగా సన్నబరచడం ఇది. ఇందులో ఆకారం మారదు, నునుపు మారుతుంది. మూడోది సవరించడం. తోలుపట్టా మీద కత్తిని రాసి, వాడకంలో అటూ ఇటూ ఒరిగిన అతి సన్నని అంచును మళ్ళీ నిటారుగా నిలపడం, శుభ్రం చేయడం. ఇందులో ఉక్కు అరగడం దాదాపు ఉండదు.

ఈ తేడా తెలిస్తే జబ్బు ఏదో పోల్చుకోవడం తేలిక. మూడు కత్తులు ఉన్నాయనుకోండి. మొదటిది నిన్నటిదాకా బాగానే తెగి, ఈ రోజు కాస్త లాగుతోంది. తోలు మీద 50, 60 సార్లు రాయగానే మళ్ళీ దారికి వచ్చింది. దానికి కావలసింది మూడో పని మాత్రమే. రెండోది మూడు నెలలుగా వాడుతున్నది. తోలు మీద ఎంత రాసినా ఒక గడ్డానికి మించి నిలవడం లేదు. దానికి రెండో పని అవసరం, మెత్తని రాయి మీద ఇరవై ముప్పై సార్లు తిప్పితే సరిపోతుంది. మూడోది అంచులో గండ్లు ఉన్నది, లేదా కర్మాగారం నుంచి సరిగ్గా నూరకుండానే వచ్చినది. దాన్ని మెత్తని రాయి మీద రోజంతా తిప్పినా ప్రయోజనం ఉండదు. మొదటి పని నుంచి మొదలుపెట్టవలసిందే. నేను గమనించినంతలో కొత్తవారి కష్టమంతా మూడో కత్తికి రెండో మందు వేయడంలో, మొదటి కత్తికి మొదటి రాయి పట్టించడంలో ఉంది.

కత్తిని సానరాయికి ఎన్నాళ్ళకోసారి తీసుకెళ్ళాలన్నది గడ్డం బిరుసుదనాన్ని, ఉక్కును, చేతివాటాన్ని బట్టి మారుతుంది. తోలు మీద శ్రద్ధగా రాసేవారు రాయి ముఖం చూడకుండా కొన్ని నెలలు గడపడం మామూలే.

రాళ్ళ మీది అంకెలు ఎందుకు కలవవు

సానరాళ్ళు 1000, 3000, 8000, 12000 వంటి అంకెలతో అమ్ముడవుతాయి. వీటిని గ్రిట్ సంఖ్యలంటారు. అంకె పెరిగేకొద్దీ రాయిలోని రేణువులు చిన్నవవుతాయన్నది స్థూలంగా నిజం. చిక్కు ఏమిటంటే, ఒకే అంకె అన్నిచోట్లా ఒకే పరిమాణాన్ని సూచించదు. హార్డ్‌వేర్ దుకాణంలో రంగులు వేసేవారు కొనే వాటర్ పేపరు మీద పి1000 అని ఉంటే, అది ఐరోపా కొలమానం. దాని రేణువు సగటున 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జపాన్ కొలమానంలో చేసిన 1000 సానరాయి రేణువు సంస్థను బట్టి సుమారు 11 నుంచి 15 మైక్రాన్లు. అంటే ఆ రాయికి దగ్గరగా వచ్చే వాటర్ పేపరు పి1000 కాదు, పి1200 నుంచి పి2000 మధ్యలో ఎక్కడో ఉంటుంది. మనిషి వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఈ అంకెలు కళ్ళకు కడతాయి.

స్థూలంగా 1000 నూరడానికి, 3000 నుంచి 5000 మధ్యవి గీతలు తగ్గించడానికి, 8000 మెరుగుకు, 12000 అంతకు పైస్థాయి నునుపుకు వాడతారు. 8000 రేణువు ఒకటి రెండు మైక్రాన్లు. రాళ్ళ మీద అంత ఖర్చు పెట్టదలచనివారు మందపాటి గాజుపలక మీద పరిచే సన్నని రాపిడి ఫిల్ములను వాడతారు. వాటి మీద నేరుగా మైక్రాన్లే అచ్చువేసి ఉంటాయి కనుక అంకెల గొడవ అసలు ఉండదు.

మన ఇళ్ళలో దొరికే రాళ్ళ మాటేమిటని కొందరు అడుగుతారు. గంధం తీసే సాన పేరులో సాన ఉన్నంతమాత్రాన అది ఈ పనికి రాదు. దాని గరుకు గంధపు చెక్కకు తగినది, 16 డిగ్రీల అంచుకు కాదు. కడప బండ సున్నపురాయి, ఉక్కును కోసేంత గట్టిదనం దానికి లేదు. అయితే చిత్తూరు జిల్లాలో కొరతలేని ఒక వస్తువుకు ఇక్కడ మంచి ఉపయోగం ఉంది. అది పాలిష్ పట్టిన గ్రానైటు ముక్క. సానరాయి వాడేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది. గుంటపడిన రాయి మీద వెన్నూ అంచూ సమంగా తాకవు. గ్రానైటు మీద తడిపిన వాటర్ పేపరు పరిచి, సానరాయి ముఖం మీద పెన్సిలుతో గళ్ళు గీసి, ఆ గీతలన్నీ చెరిగిపోయేదాకా రుద్దితే రాయి మళ్ళీ చదునవుతుంది. కుప్పం చుట్టుపక్కల రాళ్ళు కోసే యూనిట్ల వద్ద పడి ఉండే ముక్కల్లో గీతలు లేనిది ఒకటి చాలు.

మొదటి మెట్టు పూర్తయిందని ఎలా తెలుస్తుంది

నా దృష్టిలో ఈ విద్య మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. 1000 రాయి మీద రెండు వాలులూ నిజంగా కలవకపోతే, తరువాత వాడే రాళ్ళన్నీ మొద్దు అంచునే అద్దంలా మెరిపిస్తాయి. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, గడ్డం మాత్రం తెగదు.

పరీక్ష చాలా సాదాది. వాలుల మీద చెరగని మార్కరు సిరా పూసి, రాయి మీద ఒత్తిడి లేకుండా రెండుసార్లు తిప్పి, భూతద్దంతో చూస్తారు. సిరా వాలు పైభాగంలో పోయి, అంచు కొసన సన్నగా మిగిలిందంటే రాయి ఇంకా అంచును చేరలేదని అర్థం. ఎంత విసుగొచ్చినా అదే రాయి మీద కొనసాగాలి. సిరా రెండు కొసల్లో పోయి, నడుమ మిగిలితే అంచు మధ్యలో లోపలికి వంగిందని అర్థం. పిడివైపు మాత్రమే మిగిలితే కత్తి ఆ చోట రాయి మీద ఎత్తుగా కూర్చుంటోందన్నమాట. ఇంకొక పరీక్ష ఏ పరికరమూ అక్కరలేనిది. కత్తిని అంచు పైకి వచ్చేలా దీపం కింద పట్టుకుని నిలువుగా చూడాలి. సరైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, కనుక కనిపించదు. ఎక్కడైనా చుక్కలా మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉన్నట్టే.

ముంజేతి వెంట్రుకలు తెగుతున్నాయా అని చూడటం పాత పద్ధతి. 1000 దశలో చర్మానికి ఆనించి గీస్తే తెగాలి. గోటి మీద అంచును గీసి చూసే అలవాటు కూడా కొందరికి ఉంది. పూర్తిగా మెరుగుపెట్టిన అంచు మీద అది చేయడమంటే అప్పుడే కట్టిన గోడను తన్ని చూసుకోవడమే. వేళ్ళ మధ్య వేలాడే ఒంటి వెంట్రుకను అంచుకు తాకించే పరీక్ష అందరికీ ఇష్టమైనది, అందరినీ మోసగించేది కూడా. వెంట్రుక లావు, నూనె రాసినదా కాదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఒకే తల వెంట్రుకలతో ఒకే కత్తిని మొన్నటితో నేడు పోల్చుకోవడానికి అది పనికొస్తుంది, రెండు కత్తులకు మార్కులు వేయడానికి కాదు.

ఒత్తిడి గురించి ఒక మాట. లోతుగా గుంట చెక్కిన కత్తి అంచు దగ్గర రేకులా పలచగా ఉంటుంది. గట్టిగా నొక్కితే అది వంగి, అంచు రాయి నుంచి పైకి లేస్తుంది, అరగవలసినచోట అరగదు. త్వరగా తెమలాలని నొక్కేవారికి ఎక్కువసేపు పట్టడానికి కారణం ఇదే.

తోలుపట్టా మీద దిశ మారుతుంది

రాయి మీద కత్తి అంచు ముందు నడుస్తుంది, రాయి పైపొరను చెక్కి తీస్తున్నట్టుగా. తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది, అంచు వెనుక వస్తుంది. చివరికి చేరాక కత్తిని అంచు మీదుగా కాక వెన్ను మీదుగా తిప్పాలి. ఈ చిన్న తేడా మరచిన క్షణంలో తోలు తెగుతుంది, అంచు కూడా పోతుంది. పాత సెలూన్లలో కుర్చీ పక్కన వేలాడే పట్టాల మీద అడ్డంగా గాట్లు చూసినవారికి, అవి ఏ శిష్యుడి తొలిరోజుల గుర్తులో ఊహించడం కష్టం కాదు. చాలా పట్టాలకు తోలుతోపాటు కాన్వాసు గుడ్డ కూడా ఉంటుంది. ముందు గుడ్డ మీద ఇరవై ముప్పై సార్లు, ఆపై తోలు మీద యాభై దాకా రాయడం వాడుక. పట్టా బిగువుగా ఉండాలి. వదులైతే తోలు అంచు చుట్టూ వంగి దాన్ని గుండ్రంగా చేస్తుంది, సవరించడానికి పెట్టిన పట్టాయే మొద్దుబారుస్తుంది.

అనుభవజ్ఞులు ఏకీభవించని చోట్లు

వెన్నుకు టేపు చుట్టాలా వద్దా అన్నది పాత తగవు. ఎలక్ట్రీషియన్లు వాడే టేపు ఒక పొర చుట్టి నూరితే వెన్ను అరగదు, పాత కత్తి మీది నగిషీ చెడదు. చుట్టకూడదనేవారి వాదన, వెన్నూ అంచూ కలిసి అరగాలన్నదే కత్తి రూపకల్పనలోని ఉద్దేశమని. లెక్క వేస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. టేపు పొర మందం 0.15 మిల్లీమీటర్లు అనుకుంటే, రెండు వైపులా కలిపి వెన్ను 4.5 నుంచి 4.8 మిల్లీమీటర్లవుతుంది, కోణం 16 డిగ్రీల నుంచి 17కు పెరుగుతుంది. ఒక డిగ్రీ వల్ల గడ్డం తేడాగా తెగదు. కానీ ఒకసారి టేపుతో, మరొకసారి టేపు లేకుండా నూరితే రాయి అంచును తాకకుండా వాలు వెనుక భాగాన్నే అరగదీస్తుంది. ఏ పక్షం వహించినా దాని మీదే నిలబడటం ఇక్కడ ముఖ్యం.

సహజమైన రాళ్ళా, కృత్రిమమైనవా అన్నది రెండో తగవు. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్ అనే పసుపు రాయిలో గార్నెట్ రేణువులు ఉంటాయి. దాని మీద తేలిన బురదను నీటితో పలచన చేస్తూ పోతే ఒకే రాయితో మధ్యదశ నుంచి చివరిదాకా పని జరుగుతుంది. అది ఇచ్చే అంచు చర్మానికి మృదువుగా ఉంటుందని దాని అభిమానులు చెబుతారు. కృత్రిమ రాళ్ళ పక్షంవారు రేణువు పరిమాణం తెలిసిన రాయి మీద తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం తేలిక అంటారు. నేర్చుకునే దశలో నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. సహజమైన రాయి ఏ రెండూ ఒకేలా ఉండవు, అప్పుడు లోపం చేతిదో రాయిదో తెలియదు.

మూడోది తోలుకు లేపనం పూయడం. ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు, అర మైక్రాను వజ్రపు పొడి వంటివి పూసిన తోలు నిజానికి అతి మెత్తని సానరాయి వంటిది; ఉక్కును అరగదీస్తుంది. అలసిన అంచును అది చక్కగా లేపుతుంది. అయితే తోలుకున్న మెత్తదనం వల్ల పదేపదే వాడితే అంచు కొస నెమ్మదిగా గుండ్రబడి, చివరికి రాయి పని పెరుగుతుంది. రోజూ రాసే తోలుకు లేపనం అంటకుండా విడిగా మరొక పట్టా ఉంచుకోవాలన్న విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఒకటే.

మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును ఎలా పాడుచేస్తుంది

వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనిది. మరి అంచు ఎందుకు పోతుంది? నెమ్మదిగా అరిగి గుండ్రబడుతుందన్నది చాలాకాలం వినిపించిన జవాబు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం వేరే చిత్రాన్ని చూపించింది. వారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బ్లేడుతో వెంట్రుకలను కోసి చూస్తే, అంచు అరగడం కంటే చిన్న చిన్న పెచ్చులుగా ఊడటం కనిపించింది. వెంట్రుక వంగి అంచుకు వాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒక చోట మెత్తగా, పక్కనే గట్టిగా ఉన్నప్పుడు ఆ పెచ్చు ఊడుతుంది. వారు పరీక్షించినవి పారేసే బ్లేడులే గానీ, గడ్డం గీసే ముందు రెండు మూడు నిమిషాలు వేడినీటితో తడిపి ఉంచే పాత ఆచారానికి విలువ ఎందుకో అర్థం చేసుకోవడానికి ఇది తోడ్పడుతుంది. నీరు పీల్చిన వెంట్రుక మెత్తబడి, తక్కువ బలంతో తెగుతుంది.

ముసురు వానలు, బోరు నీళ్ళు, పటిక

పాత కత్తుల్లో ఎక్కువభాగం కార్బన్ ఉక్కు. అవి తుప్పు పడతాయి. మన ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు ఉంటుంది. ఆ నెలల్లో స్నానాలగదిలో మూసి ఉంచిన కత్తి మీద వారం తిరిగేలోగా చుక్కలు కనిపించవచ్చు. తడి ఎక్కువగా దాగేది పిడిలోని ఇరుసు దగ్గర, పిడి రెండు రేకుల మధ్య. గుడ్డతో తుడిచాక కొంతసేపు తెరిచి ఉంచితేనే అది ఆరుతుంది. బోరు నీళ్ళు ఆరినచోట తెల్లని చారలు మిగులుతాయి, అవి తోలు మీదికి చేరితే గరుకు. ఇక గడ్డం తరువాత రాసుకునే పటిక నీటిలో కరిగితే ఆమ్లగుణం చూపుతుంది. పటిక అంటిన తడిచేతితో కత్తిని మూయడం తుప్పును పిలిచి కూర్చోబెట్టడమే. నెలల తరబడి దాచేటప్పుడు కుట్టుమిషను నూనె పలచగా పూస్తారు. వంటనూనెలు కాలక్రమంలో జిగురుగా మారతాయి కనుక అంత మంచివి కావు. ఇత్తడి బిందెలకు వాడే చింతపండుతో తుప్పు వదిలించే ప్రయత్నం చేసినవారు, తుప్పుతోపాటు నల్లబడి గరుకెక్కిన ఉక్కును చూసి ఉంటారు.

సైకిలు సాన దగ్గర ఏం జరుగుతుంది

వీధుల్లో సైకిలు చక్రానికి సానచక్రం బిగించుకుని తిరిగేవారి నైపుణ్యం తక్కువది కాదు. కొడవళ్ళకు, కత్తెరలకు వారి చేయి వాటమైనది. కానీ ఆ చక్రం మీద నిప్పురవ్వలు లేచేది వేడి వల్లనే. కార్బన్ ఉక్కు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డిరంగుకు, 300 దగ్గర నీలిరంగుకు తిరుగుతుంది. నీలిరంగు తేలేసరికి అంచుకు ఉండవలసిన గట్టిదనం చాలావరకు పోయి ఉంటుంది. కొడవలి మందానికి ఆ వేడి వెంటనే లోపలికి పాకి చల్లబడుతుంది, క్షవరపు కత్తి అంచుకు పాకడానికి ఉక్కే లేదు. అలా నీలిబారిన అంచును ఎంత మంచి రాయి మీద నూరినా, ఆ రంగు తేలినంత మేర ఉక్కు అరిగి పోయేదాకా పదును రెండో రోజుకు నిలవదు. తాతగారి కత్తిలో తుప్పు గుంటలు అంచుదాకా పాకి ఉన్నా సంగతి ఇంతే: నూరినకొద్దీ కొత్త గుంట అంచు మీదికి తేలుతుంది. అలాంటిదాన్ని తుడిచి నూనె రాసి భద్రంగా దాచుకుని, నేర్చుకోవడానికి గుంటలు లేని మరొక కత్తిని వెతుక్కోవడమే మేలు.